పొరుగు దేశాల సైబర్ చట్టాలు: ఎవరికి కాపలా?



2016 ఫిబ్రవరి 4, గురువారం. ఢాకాలోని బంగ్లాదేశ్ బ్యాంకులో ఉద్యోగులు పని ముగించుకుని ఇళ్లకు వెళ్లిపోయారు. శుక్ర, శనివారాలు అక్కడ వారాంతపు సెలవులు. మనకు రిజర్వు బ్యాంకు ఎలాగో ఆ దేశానికి బంగ్లాదేశ్ బ్యాంకు అలాగ. ఆ దేశం కూడబెట్టుకున్న విదేశీ మారకంలో కొంత న్యూయార్క్‌లోని ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులో ఉంటుంది. ఆ రాత్రి ఢాకా నుంచి న్యూయార్క్‌కు 35 చెల్లింపు ఆదేశాలు వెళ్లాయి. దేశదేశాల బ్యాంకులు వాడే స్విఫ్ట్ వ్యవస్థ ద్వారానే వెళ్లాయి. సరైన గుర్తింపులతోనే వెళ్లాయి. అన్నీ కలిపి దాదాపు 95 కోట్ల డాలర్లు. పంపినవాళ్లు మాత్రం బ్యాంకు ఉద్యోగులు కారు. చాలా ముందుగానే బ్యాంకు కంప్యూటర్లలోకి చొరబడి, అదను కోసం కాచుకుని ఉన్న హ్యాకర్లు. లావాదేవీల నకళ్లు అచ్చువేసే ప్రింటరును సైతం వాళ్లు పనిచేయకుండా చేశారు.

35 ఆదేశాల్లో 30 ఆగిపోయాయి. అయిదు దాటిపోయాయి. అందులో శ్రీలంకకు వెళ్లిన 2 కోట్ల డాలర్లు అదృష్టవశాత్తు వెనక్కి వచ్చాయి. సొమ్ము అందుకోవలసిన సంస్థ పేరులో అక్షరదోషం కనబడి, మధ్యలో ఉన్న బ్యాంకుకు అనుమానం వచ్చింది. మిగిలిన 8 కోట్ల 10 లక్షల డాలర్లు ఫిలిప్పీన్స్‌లోని మకాతీ నగరంలో ఒక బ్యాంకు శాఖకు చేరాయి. ఆపమని ఢాకా మొరపెట్టుకునే వేళకు అక్కడ చైనీయుల కొత్త సంవత్సరం సెలవు. సెలవు గడిచాక ఖాతాలు ఖాళీ అయ్యాయి. డబ్బు మనీలా జూదశాలల్లోకి, అంటే కాసినోల్లోకి వెళ్లి కలిసిపోయింది.

ఇంతవరకు మీలో చాలామంది విన్న సంగతే. ఆ తర్వాత చట్టం ఎక్కడెక్కడ చేతులెత్తేసిందో ఈ రోజు చెప్పుకోవాలి.

ఫిలిప్పీన్స్‌లో నల్లధనాన్ని అరికట్టే చట్టం 2001 నుంచి ఉంది. కానీ కాసినోలు ఆ చట్టం పరిధిలో లేవు. అనుమానాస్పదమైన సొమ్ము వచ్చిందని చెప్పాల్సిన బాధ్యత వాటికి లేదు. ఈ దోపిడీ జరిగాక, 2017లో గాని వాటిని చట్టంలో చేర్చలేదు. ఖాతాల వివరాలు అడుగుదామంటే 1955 నాటి బ్యాంకు గోప్యత చట్టం అడ్డుపడింది. అమెరికా దర్యాప్తు చేసి, 2018లో ఉత్తర కొరియా పౌరుడొకరిపై నేరం మోపింది. అతన్ని అప్పగించమని అడిగితే వినే ప్రభుత్వం కాదది. తన సొమ్ము కోసం బంగ్లాదేశ్ బ్యాంకు 2019లో న్యూయార్క్ కోర్టు మెట్లెక్కింది. చూడండి, సొమ్ము బంగ్లాదేశ్‌ది, దాచిన చోటు అమెరికా, చేరిన చోటు ఫిలిప్పీన్స్, నిందితుడు ఉత్తర కొరియావాడు. ఒక్క నేరం మీద నాలుగు దేశాల చట్టాలు. ఆ ఏడాది గడిచేసరికి తిరిగి వచ్చింది సుమారు కోటిన్నర డాలర్లు.

ఇంకో విషయం నన్ను మరీ కలవరపెడుతుంది. ఇంత జరిగినా దాదాపు నెల రోజులపాటు బంగ్లాదేశ్ ప్రజలకు ఏమీ తెలియదు. ఫిబ్రవరి నెలాఖరున ఫిలిప్పీన్స్ పత్రిక ఒకటి రాస్తే అప్పుడు బయటపడింది. ఆర్థిక మంత్రి సైతం తాను పత్రికల్లో చూసే తెలుసుకున్నానన్నారు. మార్చి 15న బ్యాంకు గవర్నరు అతియుర్ రెహమాన్ రాజీనామా చేశారు.

ఈ ఘటన దక్షిణాసియా ప్రభుత్వాలన్నిటి ముందు మూడు ప్రశ్నలు పెట్టింది. దాడి జరిగితే ఎవరు, ఎవరికి, ఎంతసేపట్లో చెప్పాలి? ప్రజల డబ్బును, ప్రజల సమాచారాన్ని దగ్గర పెట్టుకున్నవారు కాపాడలేకపోతే జవాబుదారీ ఎవరు? నేరగాడు సరిహద్దు దాటితే అతని వెంట చట్టం ఎలా వెళ్లాలి? జాతీయ సైబర్ భద్రతా చట్టం అనేది ఏదైనా ఈ మూడింటికీ జవాబు చెప్పాలి. మన ఇరుగుపొరుగు దేశాల్లో వచ్చిన చట్టాలు ఏం చెప్పాయో ఒక్కొక్కటే చూద్దాం.

ముందు బంగ్లాదేశ్. అక్కడ 2006 నుంచి సమాచార సాంకేతిక చట్టం ఉంది. దాని 57వ సెక్షన్ అబద్ధమైనవి, అశ్లీలమైనవి, దేశ ప్రతిష్ఠకు భంగం కలిగించేవి ఇంటర్‌నెట్‌లో పెడితే నేరం అంది. 2013లో శిక్షను 14 ఏళ్ల దాకా పెంచి, వారంటు లేకుండా అరెస్టు చేసే అధికారం పోలీసులకిచ్చారు. ఆ సెక్షన్ మీద విమర్శలు పెరిగాక, 2018లో డిజిటల్ భద్రతా చట్టం తెచ్చారు. కొత్త చట్టంలో పనికొచ్చే ఏర్పాట్లు కొన్ని ఉన్నమాట నిజం. దాడులను ఎదుర్కోవడానికి అత్యవసర బృందం, పర్యవేక్షణకు ఒక సంస్థ, దేశానికి ప్రాణాధారమైన కంప్యూటర్ వ్యవస్థలను గుర్తించే అధికారం ఇందులో ఉన్నాయి. కానీ 57వ సెక్షన్‌లోని నేరాలే ఇందులో విడివిడి సెక్షన్లుగా మళ్లీ వచ్చాయి. పరువునష్టం, మతభావాలను గాయపరచడం, శాంతిభద్రతలకు భంగం, అన్నీ సైబర్ భద్రత కిందికే చేరాయి. చాలా సెక్షన్లకు బెయిలు లేదు.

చట్టం ఎవరి మీదికి వెళ్లిందో అంకెలు చెబుతాయి. 2023 జనవరి ఆఖరు వరకు ఈ చట్టం కింద 7,001 కేసులు పెట్టామని ఆ దేశ న్యాయశాఖ మంత్రే పార్లమెంటులో చెప్పారు. పాత్రికేయులు, విద్యార్థులు, ఫేస్‌బుక్‌లో నాయకులను విమర్శించిన మామూలు మనుషులు జైళ్లకు వెళ్లారు. ముష్తాక్ అహ్మద్ అనే రచయిత కరోనా సమయంలో ప్రభుత్వం వ్యవహరించిన తీరు మీద ఫేస్‌బుక్‌లో రాశారు. 2020 మే నెలలో అరెస్టు చేశారు. బెయిలు అడిగిన ప్రతిసారీ నిరాకరించారు. 2021 ఫిబ్రవరి 25న ఆయన జైల్లోనే చనిపోయారు. ఏ బ్యాంకు సర్వరులోకీ చొరబడని మనిషి, ఎవరి పాస్‌వర్డూ దొంగిలించని మనిషి, డిజిటల్ భద్రత పేరుతో ఉన్న చట్టం కింద ప్రాణం కోల్పోయారు. దీన్ని మనం మరిచిపోకూడదు.

ఇంత కఠినమైన చట్టం ఉన్నందుకు దేశం భద్రంగా ఉందా? 2023 జూన్ నెలాఖరులో ఒక విదేశీ భద్రతా పరిశోధకుడు వేరే పని మీద వెతుకుతుంటే, బంగ్లాదేశ్ ప్రభుత్వ వెబ్‌సైటు ఒకటి కంటబడింది. కోట్లమంది పౌరుల పేర్లు, ఫోన్ నంబర్లు, జాతీయ గుర్తింపు సంఖ్యలు అందులోంచి ఎవరైనా తీసుకోగలిగేలా పడి ఉన్నాయి. 5 కోట్లమందికి పైగా అని వార్తలొచ్చాయి. ఎవరూ హ్యాక్ చేయలేదు, సైటులోని లోపమే కారణమని సంబంధిత మంత్రి ఒప్పుకున్నారు. బయటినుంచి చొరబడేవాడికి చట్టంలో ఏళ్ల తరబడి జైలుశిక్ష ఉంది. తలుపు తెరిచిపెట్టిన కార్యాలయం పౌరుడికి ఏం బాకీపడిందో చెప్పే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మాత్రం అప్పటికి ఆ దేశంలో లేదు.

అదే ఏడాది సెప్టెంబరులో చట్టం పేరు సైబర్ భద్రతా చట్టంగా మారింది. కొన్ని శిక్షలు తగ్గాయి, నేరాల జాబితా చాలావరకు అలాగే నిలిచింది. ప్రభుత్వం కూలిపోయాక, 2025 మే నెలలో తాత్కాలిక ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, వివాదాస్పదమైన తొమ్మిది సెక్షన్లను తీసేసి, వాటి కింద పెట్టిన కేసులను రద్దు చేసింది. తప్పు దిద్దుకోవచ్చని బంగ్లాదేశ్ చూపించింది. అందుకు పట్టిన కాలం, ఆ కాలంలో జైళ్లలో గడిచిన జీవితాలు మాత్రం తిరిగిరావు.

ఇప్పుడు శ్రీలంక. చట్టాల విషయంలో ఈ ద్వీపం మన ప్రాంతంలో ముందు నడిచింది. 2007లోనే కంప్యూటర్ నేరాల చట్టం చేసింది. సైబర్ నేరాల మీద దేశాలు ఒకరికొకరు సహకరించుకోవడానికి 2001లో బుడాపెస్ట్‌లో కుదిరిన ఒప్పందంలో 2015లో చేరింది. దక్షిణాసియా నుంచి చేరిన మొదటి దేశం అదే. వ్యక్తిగత సమాచార రక్షణకు 2022లో చట్టం చేసింది. మన దేశంలో అలాంటి చట్టం ఆ మరుసటి ఏడు వచ్చింది.

అయినా 2023 ఆగస్టులో ఏం జరిగిందో చూడండి. ప్రభుత్వ కార్యాలయాలు వాడే ఈమెయిల్ వ్యవస్థ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. అంటే, ఫైళ్లను తెరవలేకుండా చేసి, డబ్బిస్తేనే వదులుతామనే దాడి. దాదాపు 5,000 ఈమెయిల్ ఖాతాల్లో మే 17 నుంచి ఆగస్టు 26 వరకు ఉన్న ఉత్తరప్రత్యుత్తరాలు పోయాయి. మంత్రివర్గ కార్యాలయం ఖాతాలూ అందులో ఉన్నాయి. సాఫ్ట్‌వేరు పాతబడిపోయింది. ఆ కాలానికి విడిగా దాచిన బ్యాకప్ లేదు. ప్రభుత్వ వ్యవస్థల కనీస రక్షణ ప్రమాణాలను తప్పనిసరి చేసే సైబర్ భద్రతా చట్టం ముసాయిదా 2019లోనే బయటికొచ్చింది. దాడి జరిగిన నాటికి అది ఇంకా ముసాయిదాగానే ఉంది.

దాడి తర్వాత అయిదు నెలలకు, 2024 జనవరి 24న, పార్లమెంటు ఒక చట్టాన్ని 108–62 ఓట్లతో ఆమోదించింది. అది ఆన్‌లైన్ సురక్షా చట్టం. ఇంటర్‌నెట్‌లో ఏది అబద్ధమో తేల్చే అయిదుగురు సభ్యుల కమిషన్, అబద్ధాలు పెట్టినవారికి ఏళ్ల జైలు, పోస్టులు తొలగించమనే ఆదేశాలు అందులో ఉన్నాయి. సుప్రీంకోర్టు చెప్పిన సవరణలన్నీ చేర్చలేదని స్పీకరు మీద అవిశ్వాస తీర్మానం కూడా వచ్చింది. ఈమెయిళ్లు పోయిన ప్రభుత్వానికి ముందుగా గుర్తొచ్చింది బ్యాకప్ గురించి చట్టం కాదు, పౌరుల పోస్టుల గురించి చట్టం. ప్రభుత్వాల దృష్టి ఎటు పోతోందో దీన్ని మించి చెప్పే ఉదాహరణ నాకు కనబడలేదు.

మూడోది నేపాల్. 2023 జనవరి 28న కాఠ్మాండూలో ప్రభుత్వ డేటా కేంద్రం మీద దాడి జరిగి, దాదాపు 400 ప్రభుత్వ వెబ్‌సైట్లు గంటల తరబడి ఆగిపోయాయి. ఇమిగ్రేషన్ సర్వరు పనిచేయక, త్రిభువన్ విమానాశ్రయంలో అంతర్జాతీయ విమానాలు ఆలస్యమయ్యాయి. ఆ దేశంలో సైబర్ నేరాలకు ఆధారంగా ఉన్నది విక్రమ శకం 2063 నాటి ఎలక్ట్రానిక్ లావాదేవీల చట్టం. ఆన్‌లైన్ సంతకాల కోసం, వ్యాపార పత్రాల కోసం రాసిన చట్టమది. దాని 47వ సెక్షన్‌ను పాత్రికేయుల మీద, గాయకుల మీద వాడారు. 2023లో జాతీయ సైబర్ భద్రతా విధానం వచ్చింది. విధానం ఆశయం చెబుతుంది, బాధ్యత మాత్రం చట్టమే పెట్టగలదు.

ఆపైన 2025 సెప్టెంబరు 4 వచ్చింది. ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోలేదన్న కారణంతో ఫేస్‌బుక్, వాట్సాప్, యూట్యూబ్‌తో సహా 26 వేదికలను నిలిపేశారు. గల్ఫ్ దేశాల్లో పనిచేసే కొడుకుతో తల్లి మాట్లాడేది వాటిలోనే, చిన్న దుకాణందారు సరుకు అమ్ముకునేదీ వాటిలోనే. అవినీతి మీద అప్పటికే రగులుతున్న యువత సెప్టెంబరు 8న వీధుల్లోకి వచ్చింది. ఆ ఒక్కరోజే పోలీసు కాల్పుల్లో 19 మంది చనిపోయారు. నిషేధం ఎత్తేశారు. మర్నాడు ప్రధాని ఓలి రాజీనామా చేశారు. అప్పుడు యాత్రలకు వెళ్లి చిక్కుకుపోయిన మన తెలుగువారిని వెనక్కి తీసుకురావడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రత్యేక విమానం ఏర్పాటు చేయాల్సి వచ్చింది. పొరుగు దేశంలో ఒక ఉత్తర్వు మన ఇళ్లలోనూ ఆందోళన పుట్టించింది.

ఇక్కడ ప్రభుత్వాల పక్షాన ఉన్న మాట కూడా న్యాయంగా చెప్పాలి. ఇంటర్‌నెట్‌లో మాట ప్రాణాలు తీయదా అంటే, తీస్తుంది. 2012లో బంగ్లాదేశ్‌లోని రాములో ఒక ఫేస్‌బుక్ చిత్రాన్ని సాకుగా చేసుకుని బౌద్ధ విహారాలను తగలబెట్టారు. 2018 మార్చిలో శ్రీలంకలో కాండీ జిల్లా దిగన ప్రాంతంలో ముస్లింల మీద దాడులు జరిగినప్పుడు ఆన్‌లైన్ విద్వేషం మంటకు ఆజ్యం పోసింది. ఇలాంటి హింసను రెచ్చగొట్టేవారిని శిక్షించాల్సిందే. దానికి నేరాన్ని స్పష్టంగా, ఇరుకుగా నిర్వచించిన శిక్షాస్మృతి కావాలి. సర్వర్ల రక్షణకు చేసే చట్టంలో దాన్ని కలిపేస్తే రెండు పనులూ చెడతాయి. హ్యాకర్లను పట్టే నైపుణ్యం పెంచుకోవాల్సిన పోలీసులు పోస్టుల వెంట తిరుగుతారు. ప్రభుత్వ సైటులో లోపం కనిపెట్టిన యువ ఇంజనీరు, చెబితే తన మీదే కేసు పెడతారేమోనని నోరు మూసుకుంటాడు. అప్పుడు ఆ లోపం దొంగకు మాత్రమే తెలిసి ఉంటుంది.

ఈ మాట పొరుగువారికి చెప్పే ముందు మన సంగతీ చూసుకోవాలి. మన సమాచార సాంకేతిక చట్టంలో 2008 సవరణతో 66ఎ సెక్షన్ వచ్చింది. చిరాకు కలిగించే సందేశం పంపినా నేరమే అనేంత వదులుగా ఉండేది. శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కొట్టేసిన తర్వాత కూడా పోలీసులు ఆ సెక్షన్ కింద కేసులు పెడుతూ వచ్చారు. 2021లో సుప్రీంకోర్టు దిగ్భ్రాంతి వ్యక్తం చేసి, ఆ మరుసటి ఏడు ఆపమని ఆదేశించాల్సి వచ్చింది. మొదటి ప్రశ్నకు మన జవాబు కొంత మెరుగు. సైబర్ దాడి జరిగినట్టు తెలిసిన ఆరు గంటల్లోగా సెర్ట్-ఇన్ అనే కేంద్ర సంస్థకు చెప్పాలని 2022 ఏప్రిల్ 28న నిబంధన వచ్చింది. అలాంటి నిబంధన 2016లో ఢాకాలో ఉండి, అమలై ఉంటే, ఆర్థిక మంత్రి పత్రికలు చూసి తెలుసుకోవాల్సిన పరిస్థితి వచ్చేది కాదు.

మూడో ప్రశ్న ఏ ఒక్క దేశమూ ఒంటరిగా తేల్చలేనిది. సాక్ష్యం ఒక దేశంలోని సర్వరులో ఉంటుంది, బాధితుడు మరో దేశంలో ఉంటాడు, డబ్బు మూడో దేశం చేరుతుంది. ఒక దేశపు పోలీసులు మరో దేశంలోని కంపెనీని వివరాలు అడగాలంటే విదేశాంగ శాఖల ద్వారా కాగితాలు నడవాలి. నెలలు పడుతుంది. కంప్యూటర్‌లోని ఆనవాళ్లు రోజుల్లో చెరిగిపోతాయి. ఈ సహకారం గురించి మాట్లాడుకోవాల్సిన దక్షిణాసియా దేశాల సార్క్ కూటమి శిఖరాగ్ర సమావేశం 2014లో కాఠ్మాండూలో జరిగిందే చివరిది. రాజకీయాలు ఎలా ఉన్నా దొంగలు మాత్రం కూటములు కట్టారు. కాంబోడియాలో ఉద్యోగమని నమ్మించి మన యువకులను తీసుకెళ్లి, అక్కడ బందీలుగా పెట్టి, మనవాళ్లనే ఫోన్లలో మోసం చేయించిన ఏజెంట్లను 2024 మే నెలలో విశాఖ పోలీసులు అరెస్టు చేశారు. ఏజెంట్లు మన ఊళ్లలో దొరికారు. వాళ్లను ఆడించినవారు మన చట్టానికి అందనంత దూరంలో ఉన్నారు.

ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2024 డిసెంబరు 24న సైబర్ నేరాల మీద అంతర్జాతీయ ఒప్పందాన్ని ఆమోదించింది. 2025 అక్టోబరులో హనోయిలో సంతకాలు మొదలయ్యాయి. 40 దేశాలు ధ్రువీకరిస్తే అది అమల్లోకి వస్తుంది. సాక్ష్యాలు త్వరగా ఇచ్చిపుచ్చుకునే దారి అందులో ఉంది. ఆ దారినే ఒక దేశం తన విమర్శకుల సమాచారాన్ని మరో దేశం నుంచి రాబట్టుకోవడానికి వాడవచ్చని మానవ హక్కుల సంస్థలు హెచ్చరిస్తున్నాయి. మన ప్రాంతపు అనుభవం చూస్తే ఆ భయం నిరాధారం కాదు. దేశంలోపలి చట్టం ముందు సరిగా ఉంటేనే దేశాల మధ్య సహకారం పౌరుడికి మేలు చేస్తుంది.

శ్రోతలారా, సైబర్ భద్రతా చట్టం పేరుతో ఏ ప్రభుత్వం ఏ బిల్లు తెచ్చినా, దాన్ని నాలుగు విషయాల్లో పరీక్షించమని నా మనవి. దాడి జరిగితే గంటల్లో చెప్పే బాధ్యత ప్రభుత్వ శాఖలకూ వర్తిస్తోందా? సమాచారం పోగొట్టుకున్న పౌరుడికి సంగతి తెలపడం, పరిహారమివ్వడం అందులో ఉన్నాయా? సదుద్దేశంతో లోపాన్ని బయటపెట్టినవారికి రక్షణ ఉందా? అరెస్టులకు, నిలిపివేత ఉత్తర్వులకు ముందు స్వతంత్ర న్యాయస్థానం అనుమతి తీసుకోవాలా? ఈ నాలుగింటికీ అవునన్న జవాబు వస్తే అది భద్రతా చట్టం. శిక్షల జాబితా పొడుగ్గా ఉండి, ఈ నాలుగూ లేకపోతే, దాని పేరులో భద్రత అని ఎన్నిసార్లు రాసినా పౌరుడు నమ్మనక్కర్లేదు.

ఢాకాలో, కొలంబోలో, కాఠ్మాండూలో పౌరులు తమ జన్మదిన వివరాలు, వేలిముద్రలు, పొదుపు సొమ్ము ప్రభుత్వాలను నమ్మి అప్పగించారు. హైదరాబాదులో, విజయవాడలో మనమూ అలాగే అప్పగించాం. అప్పగించుకున్నవారు జవాబు చెప్పాలి. ఆ జవాబు అడగడం పౌరుడి హక్కు, అడిగినవారిని కాపాడడం చట్టం బాధ్యత.